తేలికైన ఊయల పడకలో ఒళ్లు నొప్పుల్లేకుండా నిద్రపట్టాలంటే

ఆరుబయట రాత్రి గడిపేవారు వీపున మోసుకెళ్లే ఊయల పడకను సొంతంగా కుట్టుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాం. మొదటి జవాబు బాగా పెద్దదైంది. తరువాతి ప్రశ్నల్లో చాలావాటికి మూలం అందులోనే ఉన్నందువల్ల దాన్ని కుదించలేదు.

ప్రశ్న: కొండలెక్కేటప్పుడు గుడారం బరువు మోయలేక ఒక చిన్న నైలాన్ హ్యామక్ (ఊయల పడక) కొనుక్కున్నాను. కొలిస్తే 9 అడుగుల పొడవుంది. పగటిపూట ఓ గంట నడుం వాల్చడానికి బాగానే ఉంటుంది కానీ, రాత్రంతా పడుకుంటే తెల్లారేసరికి నడుము పట్టేస్తోంది, మోకాళ్లు వెనక్కి విరుచుకున్నట్లయి నొప్పి పెడుతున్నాయి, బట్ట భుజాలను రెండువైపులా నొక్కేస్తోంది. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 72 కిలోలు. మిషన్ మీద మామూలు కుట్టుపని చేయగలను. దీనికంటే బరువు పెరగకుండా, చిన్న మూటలో ఇమిడేలా, హాయిగా నిద్రపట్టేలా నేనే ఒకటి కుట్టుకోగలనా?

జవాబు: తప్పకుండా కుట్టుకోగలరు. మీరు రాసిన మూడు బాధలకూ కారణం ఒక్కటే: మీ ఊయల పొడవు మీకు చాలదు. బరువు తగ్గించాలన్న ఆరాటంలో అందరూ మొదట కోసేది పొడవునే. నిజానికి ఎంత మాత్రం కోయకూడనిది అదే.

ఈ రకం ఊయల రెండు కొసల్లోనూ బట్టను కుచ్చిళ్లుగా దగ్గరకు లాగి కడతారు. మనిషి పడుకోగానే నడిమధ్య గీత బిగుసుకుంటుంది, పక్క అంచులు వదులుగా పైకి లేస్తాయి. ఆ మధ్య గీత వెంబడే నిటారుగా పడుకుంటే, బరువంతా పిరుదుల దగ్గర కిందికి దిగి, తలా పాదాలూ పైకి లేచి, శరీరం విల్లులా వంగిపోతుంది. నడుం నొప్పీ మోకాళ్ల విరుపూ ఆ వంపు నుంచే పుడతాయి. అలా కాకుండా తలను మధ్య గీతకు ఒక పక్కకూ, పాదాలను రెండో పక్కకూ జరిపి ఏటవాలుగా పడుకుంటే, పక్కనున్న వదులు బట్ట శరీరం కిందికి పరుచుకుని, వీపు కింద దాదాపు చదునైన పడక ఏర్పడుతుంది. అమెరికా ఖండాల ఆదివాసులు కొలంబస్ 1492లో అక్కడికి చేరకముందే నూలుతో అల్లిన ఊయలల్లో నిద్రించేవారు. అక్కడ నేటికీ ఊయలను మంచంగా వాడే కుటుంబాలు వెడల్పాటి ఊయలలో ఏటవాలుగానో, దాదాపు అడ్డంగానో పడుకుంటాయి.

ఏటవాలుగా పడుకోవడానికి చోటు దొరకాలంటే పొడవు కావాలి. 9 అడుగుల ఊయలలో మీ మడమలు కొస కుచ్చిళ్లకు మరీ దగ్గరవుతాయి. అక్కడ బట్టకు వదులు ఉండదు కాబట్టి పక్కకు జరుపుదామన్నా పాదాలు జరగవు, పిక్కల కింద గట్టుకట్టినట్లు బట్ట బిగుసుకుని ఒత్తుతుంది. మనిషి ఎత్తుకు దాదాపు 5 అడుగులు కలిపితే ఊయల పొడవు సరిపోతుందని చాలామంది పాటించే లెక్క. మీ విషయంలో అది 11 అడుగులకు కాస్త తక్కువగా వస్తుంది కాబట్టి 11 అడుగులే, అంటే 335 సెంటీమీటర్లు, పెట్టుకోండి. అయిదున్నర అడుగుల లోపువారికి 10 అడుగులు చాలవచ్చు. వెడల్పు 145 నుంచి 150 సెంటీమీటర్లు ఉండాలి. ఇంకా వెడల్పయితే మిగులు బట్ట ముఖం మీదికి వచ్చి రెపరెపలాడుతుంది.

ఈ పొడవు వల్ల బరువెంత పెరుగుతుందో కాగితం మీద లెక్క వేసి చూడండి. చదరపు మీటరుకు 54 గ్రాములు తూగే నైలాన్ బట్టను 335 సెంటీమీటర్ల పొడవు, 150 సెంటీమీటర్ల వెడల్పున తీసుకుంటే దాదాపు 5 చదరపు మీటర్లు, అంటే 271 గ్రాములు. దాన్ని 60 సెంటీమీటర్లు కురచ చేస్తే తగ్గేది 49 గ్రాములు మాత్రమే. ఆ కాస్త మిగులు కోసం రాత్రి నిద్ర పోగొట్టుకోవడం ఏ లెక్కకూ నిలవదు. ఇనుప కొక్కేలను మానేసి, తాళ్లను తేలికపరిస్తే అంతకు రెండింతలు సులువుగా తగ్గించవచ్చు. బరువు తగ్గించదలిస్తే బట్ట మందంలో తగ్గించండి, వేలాడదీసే సామగ్రిలో తగ్గించండి, పొడవు జోలికి మాత్రం వెళ్లకండి.

బట్ట విషయానికొస్తే రిప్‌స్టాప్ నైలాన్ గానీ రిప్‌స్టాప్ పాలియెస్టర్ గానీ కావాలి. సన్నని నేత మధ్య కొన్ని మిల్లీమీటర్లకొకటి చొప్పున మందపు పోగులు గళ్లుగా కనిపించేదే రిప్‌స్టాప్. ఎక్కడైనా చిన్న చిరుగు పడితే ఆ మందపు పోగు దాన్ని అక్కడే ఆపుతుంది. నైలాన్ కాస్త సాగుతుంది, మెత్తగా ఒళ్లు పట్టుకుంటుంది, కానీ తేమ పీల్చి రాత్రికి మరికొంత సాగుతుంది. పాలియెస్టర్ సాగుడు తక్కువ, పడక బిగువుగా ఉంటుంది. రెండూ మంచివే. గట్టి పడకకు అలవాటుపడినవారికి పాలియెస్టర్ బాగుంటుందని మా అభిప్రాయం. చదరపు మీటరుకు 37 గ్రాముల బట్టతో 186 గ్రాముల్లోనే ఊయల తయారవుతుంది కానీ, అది ఎక్కువ సాగుతుంది, చిన్న ముల్లు గీరుకున్నా దెబ్బతింటుంది. మొదటిసారి కుట్టేవారు 54 నుంచి 65 గ్రాముల మధ్య బట్ట తీసుకోవడం మేలు. ఒక్క సంగతి మాత్రం కొనేటప్పుడే చూసుకోండి: గుడారాల కోసం తయారైన, నీరు దిగకుండా పూత పూసిన బట్ట దీనికి పనికిరాదు. ఒంటి చెమట బయటికి పోయే దారి లేక వీపు తడిసి, తెల్లవారుజామున చలి పుడుతుంది. బట్టను పెదవులకు ఆనించి ఊదినప్పుడు ఊపిరి అవతలికి దూరిపోవాలి.

బట్టను 345 సెంటీమీటర్ల పొడవున కత్తిరించండి, అందులో 10 సెంటీమీటర్లు కొసల మడతలకు పోతాయి. పొడవాటి అంచులు రెండింటినీ సెంటీమీటరు చొప్పున రెండు మడతలు వేసి కుట్టాలి. నైలాన్ పోగులు ఊడిపోయే రకం కాబట్టి పచ్చి అంచు ఎక్కడా బయటికి కనిపించకూడదు. తరువాత రెండు కొసల్లోనూ మొదట ఒక సెంటీమీటరు, దాని మీద 4 సెంటీమీటర్లు మడిచి, బొందు దూరే గొట్టంలా రెండు వరుసలు కుట్టండి. సన్నని సూది, 70 లేదా 80 నంబరుది, వాడాలి. దారం పాలియెస్టర్‌దే కావాలి, నూలు దారం తేమకూ ఎండకూ చివికిపోతుంది. కుట్టు నిడివి 3 మిల్లీమీటర్లు ఉంచండి. గట్టిగా ఉంటుందని మరీ దగ్గర దగ్గరగా కుడితే సూది రంధ్రాలన్నీ ఒకే వరుసలో కలిసి, బట్ట సరిగ్గా ఆ గీత వెంబడే చిరుగుతుంది. కుట్టు మొదట్లో, చివర్లో నాలుగైదు కుట్లు వెనక్కి తిప్పి కుట్టడం మరవకండి. సన్నని నైలాన్ మిషన్ కింద జారుతుంది, ముడుచుకుంటుంది. బట్టను చేత్తో లాగకుండా, పై దారం బిగువు కాస్త తగ్గించి, ముందుగా పనికిరాని ముక్క మీద కుట్టి చూసుకుంటే ఈ చికాకు తప్పుతుంది.

ఇక కొస కట్టడం. ఈ పనిని మాత్రం తొందరపడకుండా చేయాలి. ఒక మీటరు పొడవున్న బలమైన పాలియెస్టర్ తాడును కొస గొట్టంలోంచి దూర్చి, బట్టనంతా తాడు మీదికి నెట్టి, కుచ్చిళ్లన్నీ ఒకే కొలతలో సమంగా సర్దండి. ఒక పక్క బట్ట ఎక్కువ, రెండో పక్క తక్కువ అయితే ఊయల ఒకవైపుకు ఒరుగుతుంది. సర్దాక తాడు రెండు కొసలనూ బిగించి లాగి, కుచ్చు చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి పీటముడి వేయండి. ఇప్పుడు కొసలో మడత కుట్టు ఉన్నచోట బట్ట ఉండలా ఉబ్బి ఉంటుంది. వేలాడదీసే తాడు ఉచ్చును ఆ ఉండకు లోపలివైపు, అంటే మనం పడుకునే వైపు, కుచ్చు చుట్టూ తిప్పి, ఉచ్చు ఒక కొసను రెండో కొసలోంచి బయటికి లాగి బిగించండి. బరువు పడేకొద్దీ ఉచ్చు బిగుసుకుంటుంది, ఉబ్బిన ఉండ దాన్ని జారనివ్వదు. బరువంతా ఈ బిగింపు మీదే పడుతుంది, కుట్టు మీద నేరుగా పడదు. అందుకే మామూలు కుట్టుపని వచ్చినవారు కూడా ఈ పద్ధతిలో ధైర్యంగా ఊయల కుట్టుకోవచ్చు.

కుట్టడం దీనితో అయిపోయినట్లే కానీ, పడక హాయి అనేది ఇంకొక సన్నని తాడు మీద ఆధారపడి ఉంది. రెండు కొసల ఉచ్చులనూ కలుపుతూ ఊయల మీదుగా కట్టే ఈ తాడును ఇక్కడ పైతాడు అని పిలుచుకుందాం. దీని పొడవు ఊయల పొడవులో దాదాపు 83 శాతం ఉండాలి. 335 సెంటీమీటర్ల ఊయలకు కొస కుచ్చు నుంచి కొస కుచ్చుకు 278 సెంటీమీటర్లు. చెట్ల మధ్య దూరం ఎంతయినా, చెట్లకు చుట్టి ఊయలను వేలాడదీసే పట్టీలు కాస్త బిగువుగా కట్టినా, కొసల మధ్య దూరాన్ని పైతాడు మారనివ్వదు కాబట్టి ఊయల లోతు ప్రతి రాత్రీ ఒకేలా ఉంటుంది. సాగని తాడునే వాడండి, 2 మిల్లీమీటర్ల మందం చాలు. మొదటి కొన్నాళ్లు సర్దుకునే వీలున్న ముడితో కట్టి, రెండు మూడు సెంటీమీటర్లు పెంచీ తగ్గించీ పడుకుని చూసి, మీ ఒంటికి సరిపడిన పొడవు తెలిశాకే స్థిరంగా ముడి వేయండి.

కట్టేటప్పుడు చెట్ల మధ్య దూరం 4 నుంచి 5 మీటర్లుంటే అనువుగా ఉంటుంది. పట్టీలు నేలకు 30 డిగ్రీల వాలున దిగాలి. నాలుగున్నర మీటర్ల దూరంలో ఉన్న చెట్లకు దాదాపు ఆరడుగుల ఎత్తున పట్టీ చుడితే ఆ వాలు వస్తుంది, కూర్చున్నాక ఊయల కుర్చీ ఎత్తులో, అంటే నేలకు 45 సెంటీమీటర్ల పైన, ఉంటుంది. పాదాలవైపు పట్టీని తలవైపుకంటే జానెడు ఎత్తులో కట్టండి. ఒంటి పైభాగం బరువైనది కాబట్టి, అలా కట్టకపోతే నిద్రలో శరీరం పాదాలవైపు జారి, మళ్లీ కుచ్చిళ్ల ఇరుకులోకి చేరుతుంది. నడిమధ్యలో కూర్చుని, వెనక్కి వాలి, తలను ఒక పక్కకు అడుగు దూరం, పాదాలను రెండో పక్కకు అడుగు దూరం జరపండి. నడుము కింద అరచేయి పెట్టి చూస్తే వీపంతా బట్టకు ఆనుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. మోకాళ్ల కింద ఇంకా ఏదైనా లాగుతున్నట్లనిపిస్తే మడిచిన చొక్కా ఒకటి అక్కడ పెట్టుకోండి.

ప్రశ్న: ఊయలను వీలైనంత గట్టిగా లాగి కడితే చదునుగా ఉంటుంది కదా? అందరూ వదులుగా కట్టమంటున్నారు, కారణం చెప్పగలరా?

జవాబు: రెండు కారణాలున్నాయి. గట్టిగా లాగి కడితే చదునుగా కనిపించేది ఖాళీ ఊయల మాత్రమే. మనిషి ఎక్కగానే బిగుసుకున్న అంచులు రెండూ గోడల్లా లేచి భుజాలను లోపలికి నొక్కుతాయి, ఏటవాలుగా తిరగడానికి కావలసిన వదులు బట్టలో మిగలదు. పైగా మనిషి బరువు ఎత్తుకు చేరి, ఊయల ఇట్టే తిరగబడుతుంది.

రెండో కారణం తాడు మీద పడే లాగుడు. 80 కిలోల మనిషి పడుకున్నప్పుడు పట్టీలు 30 డిగ్రీల వాలున ఉంటే ఒక్కో పట్టీ మీద సరిగ్గా 80 కిలోల లాగుడు పడుతుంది. వాలు 15 డిగ్రీలకు తగ్గితే అది 155 కిలోలు. 10 డిగ్రీలకు 230 కిలోలు. దాదాపు అడ్డంగా, 5 డిగ్రీల వాలున కడితే 459 కిలోలు. మనిషి బరువు మారలేదు, మారింది వాలు ఒక్కటే. పట్టీ అడ్డంగా ఉన్నకొద్దీ బరువును పైకి ఎత్తిపట్టే పాలు తగ్గి, చెట్లను ఒకదానివైపు ఒకటి లాగే పాలు పెరిగిపోతుంది. ఇది కదలకుండా పడుకున్నప్పటి లెక్క. ధబాలున కూర్చున్నప్పుడు క్షణకాలం అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. ఈ కారణంగానే తాళ్లూ పట్టీలూ కొనేటప్పుడు వాటి తెగే బలం మీ బరువుకు కనీసం అయిదింతలైనా ఉండేలా చూసుకోవాలి.

30 డిగ్రీలను కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. పైతాడు కట్టి ఉంటే, ఊయలలో పడుకున్నాక దాన్ని రెండు వేళ్లతో పట్టి వంచి చూడండి. కాస్త వంగితే వాలు సరిగా ఉన్నట్లు. ఇనుప తీగలా బిగుసుకుపోయి ఉంటే దిగి, పట్టీలు వదులు చేయండి.

ప్రశ్న: నా దగ్గర ప్లాస్టిక్ తాడు ఉంది. దాన్నే నేరుగా చెట్టుకు కట్టుకోవచ్చా? డైనీమా అనే సన్నని, చాలా బలమైన కృత్రిమ పోగు తాడు గురించి అందరూ గొప్పగా చెబుతారు కానీ దానికి ముడి నిలవదంటారు, నిజమేనా?

జవాబు: ఏ తాడైనా సరే, నేరుగా చెట్టుకు కట్టవద్దు. సన్నని తాడు మీద అంత లాగుడు పడినప్పుడు అది బెరడులోకి కోసుకుపోతుంది. చెట్టుకు కావలసిన ఆహారాన్ని చేరవేసే పొరలూ కొత్త కణజాలాన్ని పెంచే పొరా బెరడు కిందనే ఉంటాయి, అక్కడ పడిన గాయం మానడానికి చాలా కాలం పడుతుంది. మనకు రాత్రి ఆసరా ఇచ్చిన చెట్టును గాయపరచడం న్యాయం కాదు. కనీసం 25 మిల్లీమీటర్ల వెడల్పున్న పాలియెస్టర్ నవారు పట్టీని చుట్టండి. నైలాన్ నవారు తడిస్తే సాగుతుంది, రాత్రి పడుకున్న ఎత్తుకూ తెల్లారి లేచే ఎత్తుకూ పొంతన ఉండదు. మామూలు ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కి, పైకి బాగానే కనిపిస్తూ ఉన్నట్లుండి తెగుతుంది. దాన్ని టార్పాలిన్ కట్టడానికి వాడుకోండి, మనిషి బరువుకు మాత్రం వద్దు.

బెరడును తాకే భాగానికే నవారు అవసరం. అక్కడి నుంచి ఊయల దాకా సన్నని డైనీమా తాడు వాడితే బరువూ మూట పరిమాణమూ బాగా తగ్గుతాయి. 2.8 మిల్లీమీటర్ల మందమున్న మంచి డైనీమా తాడు 600 కిలోలకు పైగా లాగుడును తట్టుకుంటుంది. ముడి గురించి మీరు విన్నది నిజమే. ఆ పోగు చాలా నున్నన, ముడులు జారతాయి, జారకుండా నిలిచిన ముడి కూడా తాడు బలాన్ని సగానికి పైగా తగ్గించగలదు. అందుకని దీన్ని ముడివేయరు. ఈ తాడు లోపల బోలుగా అల్లి ఉంటుంది కాబట్టి, కొసను తిరిగి తాడులోపలికే దూర్చి ఉచ్చు తయారుచేస్తారు. లాగుడు పడేకొద్దీ బయటి అల్లిక లోపలి కొసను బిగించి పట్టుకుంటుంది. లోపలికి దూర్చిన భాగం తాడు మందానికి దాదాపు 72 రెట్లు ఉండాలి, 2.8 మిల్లీమీటర్ల తాడుకు ఇది 20 సెంటీమీటర్లు. దూర్చే కొసను ముందు కోసుగా పలచబరిచి, పని అయ్యాక నాలుగు కుట్లు వేస్తే బరువు లేనప్పుడు కూడా జారిపోదు. ఇది నేర్చుకునే ఓపిక లేనివారు 5 లేదా 6 మిల్లీమీటర్ల పాలియెస్టర్ తాడుతో ఉచ్చులు ముడివేసుకోవచ్చు. బరువు కొంచెం పెరుగుతుంది, భద్రతకు లోటుండదు.

కొక్కేలు కూడా లేకుండా కట్టాలంటే బెకెట్ ముడి నేర్చుకోండి. దీనికి నవారు కాస్త పొడవుగా, ఊయల దాకా వచ్చేలా ఉండాలి. దాని కొసను ఊయల కొసన ఉన్న ఉచ్చులోంచి కింది నుంచి పైకి తీసి, ఉచ్చు రెండు పాయలనూ కలిపి వెనుకగా ఒక చుట్టు తిప్పి, ఆ కొసను మడతపెట్టి నవారు కిందే దూర్చి బిగించాలి. బరువు పడేకొద్దీ నవారు మీద నవారు నొక్కుకుని ముడి నిలుస్తుంది. తెల్లారి మడతపెట్టిన కొసను లాగితే ఊడివస్తుంది. తాళపుచెవులకు తగిలించే చిన్న కొక్కేలను మాత్రం ఎవరు ఇచ్చినా ఊయలకు వాడవద్దు, అవి మనిషి బరువుకు చేసినవి కావు.

ప్రశ్న: మంచి స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి పడుకున్నా ఊయలలో వీపు గడ్డకట్టిపోతోంది. నేల మీద అదే బ్యాగ్ వెచ్చగా ఉండేది. ఎందుకిలా?

జవాబు: బ్యాగ్‌లోని దూదిపొర వెచ్చదనాన్ని ఇచ్చేది తనలో నిలిచిన గాలితో. మీ బరువు కింద వీపువైపు పొర పూర్తిగా అణగిపోయి, అందులో గాలి మిగలదు. నేల మీద మీరు కింద చాప వేసుకునే ఉంటారు, గాలి కూడా కింది నుంచి వీచదు. ఊయలలో మీ వీపుకూ చల్లగాలికీ మధ్య ఉన్నది పలచని బట్ట ఒక్కటే. అందుకే ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలకు దిగితేనే చాలామందికి వీపు చల్లబడుతుంది.

తక్కువ ఖర్చులో అయ్యేది ఫోమ్ చాప. మామూలు చాప 50 సెంటీమీటర్ల వెడల్పే ఉంటుంది కాబట్టి ఊయల బట్ట చుట్టుకున్న భుజాలకు చలి తగులుతుంది. భుజాల దగ్గర మరో ముక్కను అడ్డంగా అతికించుకోవాలి. ఒంటి పొర ఊయలలో చాప నిద్రలో జారిపోతుంది. రెండు పొరల బట్టతో ఊయల కుట్టి, ఒక పక్క చాప దూర్చే సందు వదిలితే కదలదు. 37 గ్రాముల బట్ట రెండు పొరలంటే 372 గ్రాములు, అంత బరువు పర్వాలేదనుకునేవారికి ఇది చక్కని ఏర్పాటు.

హాయిలో దీన్ని మించినది, ఊయల అడుగున బయటివైపు వేలాడే బొంత. అది మన బరువు కింద అణగదు కాబట్టి పొరలోని గాలి అలాగే నిలుస్తుంది. భుజాల నుంచి మోకాళ్ల దాకా వచ్చే బొంత చాలు, పాదాల కింద చిన్న ఫోమ్ ముక్క వేసుకోవచ్చు. సాగే తాళ్లతో రెండు కొసలకూ తగిలించి, వీపుకు ఆనీ ఆననట్లు సర్దాలి. బిగువెక్కువైతే బొంత అణగిపోతుంది, వదులైతే మధ్య సందులో చల్లగాలి దూరుతుంది. చేయి కింద పెట్టి తడుముతూ సర్దుకోవడమే పద్ధతి, రెండు మూడు రాత్రుల్లో చేతికి తెలిసిపోతుంది.

ప్రశ్న: దోమతెర కట్టుకున్నా వీపు మీద దోమలు కుట్టాయి. తెరలో రంధ్రమేదీ లేదు.

జవాబు: దోమ అడుగు నుంచి కుట్టింది. వీపుకు బిగుసుకున్న పలచని బట్టలోంచి దోమ తొండం సులువుగా దిగుతుంది. పైభాగాన్ని మాత్రమే కప్పే తెర కాకుండా, ఊయలను అడుగుతో సహా చుట్టే గొట్టంలాంటి తెర కుట్టుకుని, దాన్ని పైతాడుకు వేలాడదీయండి. తెర ఒంటికి ఆనకుండా ఉండాలి. రెండు పొరల ఊయల గానీ, ఇంతకుముందు చెప్పిన బొంత గానీ ఉంటే వీపు భాగానికి ఆ రక్షణ దానంతటదే దొరుకుతుంది.

ప్రశ్న: నాకు పక్కకు తిరిగి పడుకునే అలవాటు, మా వారికి బోర్లా పడుకునే అలవాటు. ఊయల మాకు పనికొస్తుందా?

జవాబు: మీకు పనికొస్తుంది. ఏటవాలుగా పడుకుని, మోకాళ్లు కొద్దిగా ముడుచుకుని, తల కింద పలచని దిండు పెట్టుకుంటే పక్కకు తిరిగి పడుకోవడం తేలికే. ఊయలలో వీపు మీద పడుకోవడమే హాయిగా ఉండి, కొన్ని రాత్రులకు అలవాటు దానంతట అదే మారేవారూ చాలామంది ఉన్నారు. మీ వారికి మాత్రం కుచ్చిళ్ల ఊయల సరిపడదు, బోర్లా పడుకుంటే నడుము వెనక్కి విరుచుకుంటుంది. తలవైపు, కాళ్లవైపు అడ్డకర్రలు పెట్టి కట్టే రకం మరింత చదునుగా ఉంటుంది కానీ, కర్రల బరువు అదనం, తిరగబడే గుణం కూడా ఎక్కువ. ఆయన నేల మీద పడుకోవడమే మంచిదని మా సలహా. పసిపిల్లలను కూడా ఈ పడకలో నిద్రపుచ్చవద్దు. మెత్తని వంపులో మెడ ముందుకు వాలితే వారికి ఊపిరి ఆడకపోయే ప్రమాదముంది.

ప్రశ్న: మడత పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా ఊయల బురదలో పడుతోంది, మూట కూడా పెద్దదవుతోంది. దారి ఉందా?

జవాబు: మడత పెట్టకండి. రెండు వైపులా నోరున్న చిన్న సంచి ఒకటి కుట్టుకోండి. ఒక నోరు బొందుతో పూర్తిగా మూసుకునేది, రెండోది తాడు పట్టేంత చిన్న రంధ్రం. ఊయల ఒక కొస ఉచ్చును ఆ చిన్న రంధ్రంలోంచి బయటికి తీసి ఉంచితే సంచి ఎప్పుడూ ఊయలతోనే ఉంటుంది. తెల్లవారి ఒక చెట్టు దగ్గర ముడి విప్పి, రెండో కొస ఇంకా కట్టి ఉండగానే నిలబడినచోటే బట్టను పిడికిళ్లతో సంచిలోకి కుక్కుకుంటూ నడవండి. నేల తగలదు. మడతలు ప్రతిసారీ ఒకే గీత మీద పడవు కాబట్టి బట్టకూ మంచిది. 54 గ్రాముల బట్టతో చేసిన ఊయల ఇలా కుక్కితే రెండు పిడికిళ్లంత మూటలో ఇముడుతుంది. నవారు పట్టీలను మాత్రం వేరే సంచిలో పెట్టండి, వాటికి చెట్ల జిగురూ తడీ అంటుకుని ఉంటాయి.

ప్రశ్న: కుట్టడం పూర్తయింది. మొదటిసారి ఎక్కేముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు: నేలకు జానెడు ఎత్తులో కట్టి, కింద పరుపు వేసి, మొదట చేతులతో బరువు మోపండి, తరువాత కూర్చోండి, చివరికి పడుకోండి. ప్రతి దశలోనూ కొస కుచ్చు జరిగిందేమో, కుట్టు దగ్గర రంధ్రాలు సాగి వెడల్పయ్యాయేమో చూడండి. బట్ట మొదటి కొన్నిసార్లు కాస్త సాగుతుంది, కనుక పైతాడు పొడవును ఆ తరువాత మరోసారి సరిచూసుకోండి. ఆరుబయట కట్టేటప్పుడు మొదట తలెత్తి పైకి చూడండి, ఎండిన కొమ్మ కింద ఎన్నడూ పడుకోవద్దు. చెట్టు బతికి ఉన్నదై, మొదలు కనీసం 15 సెంటీమీటర్ల మందం ఉండాలి. కింద రాయి గానీ మొద్దు గానీ ఉండకూడదు, ఎత్తు ఎప్పుడూ కుర్చీని మించకూడదు. వాన పడే సూచన ఉంటే ఊయలకు కాస్త ముందుగా పట్టీ మీద చిన్న దారం ముక్క కట్టి వేలాడదీయండి, పట్టీ వెంట పారే నీరు ఆ దారం నుంచి కిందికి కారిపోతుంది. జేబులోని చాకూ తాళపుచెవులూ తీసి పక్కన పెట్టి ఎక్కండి. వాడిన తరువాత నీడలో ఆరవేయండి, ఎండకు నైలాన్ బలం క్షీణిస్తుంది. ఉచ్చులనూ నవారునూ ప్రతిసారీ వేళ్ల మధ్య జార్చి చూసి, పోగులు తెగి పీచులేచినవాటిని వెంటనే మార్చేయండి.